చేదు దిమ్మె, కొవ్వు లెక్క: ఉప్పల్–నాచారం దారిలో తీపి కలపని చాక్లెట్

హైదరాబాదు తూర్పు దిక్కున తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ కూడలికి చేరే వరంగల్లు రహదారి వెంట, హబ్సిగూడలో దాన్ని విడిచి నాచారం, మల్లాపూర్ వైపు సాగే దారి వెంట, ఐదారు కిలోమీటర్ల వ్యాసంలో ఆహార శాస్త్రానికి సంబంధించిన సంస్థలు ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. నూనెలు, కొవ్వుల మీద దశాబ్దాల తరబడి పరిశోధన సాగించిన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉన్నాయి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ తన వనరుల కేంద్రాన్ని హబ్సిగూడలో నెలకొల్పింది. అంగళ్లలోనూ కార్ఖానాల్లోనూ అధికారులు సేకరించిన తినుబండారాల నమూనాలను పరీక్షించే రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది. వీటిని ఆనుకునే ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలు, వాటి చుట్టూ కాలనీలు, ప్రతి కాలనీ మొగదలలో ఒక బేకరీ ఏర్పడ్డాయి. చాక్లెట్‌లోని కొవ్వును శోధించినవారు, ఆ కొవ్వు చట్టానికి లోబడి ఉందో లేదో తేల్చేవారు, ఆ చాక్లెట్‌ను కేకుల్లో కలిపేవారు ఇంత దగ్గర దగ్గరగా పనిచేసిన ప్రాంతం కావడం వల్ల, కేకులకు వాడే తీపి కలపని చాక్లెట్‌లో మంచిదేది, దాన్ని ఎంచుకోవడం ఎలా అన్న ప్రశ్నకు ఈ దారి చరిత్రలో చక్కని సమాధానం దొరుకుతుంది.

తీపి కలపని చాక్లెట్ అంటే పంచదార, పాలపొడి, సువాసన ద్రవ్యాలు ఏవీ చేర్చని కోకో ముద్ద. కోకో కాయలోని గింజలను తెల్లటి గుజ్జుతో సహా కుప్పపోసి పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, పొట్టు తీసి, మిగిలిన పలుకులను రాతి మరలోనో ఉక్కు మరలోనో నూరితే, రాపిడి వేడికి గింజలోని కొవ్వు కరిగి చిక్కటి ద్రవంగా మారుతుంది. దాన్ని అచ్చుల్లో పోసి చల్లబరిస్తే వచ్చే దిమ్మెనే వ్యాపారులు కోకో మాస్ అనీ, కోకో లిక్కర్ అనీ పిలుస్తారు. రెండో పేరులో లిక్కర్ అన్న మాట ఉన్నా దానిలో మద్యం ఏమీ ఉండదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను రూపొందించే కోడెక్స్ సంస్థ లెక్క ప్రకారం ఈ ముద్దలో కోకో బటర్, అంటే గింజలోని సహజమైన కొవ్వు, 47 నుంచి 60 శాతం దాకా ఉండాలి. పంచదార, పాలపొడి, వెనిల్లా చేరిన చాక్లెట్‌లో గింజ లోపాలను అవి కొంతవరకు కప్పిపుచ్చగలవు గాని, ఒకే ఒక్క పదార్థంతో తయారయ్యే కోకో ముద్దకు ఆ అవకాశం లేదు. గింజ ఎలాంటిదైతే దిమ్మె అలాంటిదే అవుతుంది. ఉప్పల్–నాచారం ప్రాంతపు గతాన్ని ఈ దిమ్మె వైపు నుంచి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది: ఇక్కడి శాస్త్రమూ చట్టమూ వ్యాపారమూ చాక్లెట్ మంచిచెడ్డలను చాలాకాలం కొవ్వుతోనే కొలిచాయి, రుచికి మూలమైన పులియబెట్టడాన్ని ఎవరూ తూకంలో వేయలేదు.

కేకుల కోసం ప్రత్యేకంగా చేదు దిమ్మెను అమ్మడం పాశ్చాత్య దేశాల్లో పాత అలవాటే. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం డార్చెస్టర్‌లో 1765లో జాన్ హానన్, వైద్యుడు జేమ్స్ బేకర్ కలిసి నీటి మర సాయంతో కోకో గింజలు నూరడం ప్రారంభించగా, బేకర్ కుటుంబం పేరే తరువాతి కాలంలో ఆ దేశపు వంటింటి చాక్లెట్‌కు వ్యాపార నామంగా నిలిచిపోయింది. 1828లో నెదర్లాండ్స్‌లోని వాన్ హౌటెన్ కుటుంబం కోకో ముద్దను ఒత్తిడి యంత్రంలో పిండి కొవ్వును వేరు చేసే పద్ధతికి పేటెంటు పొందడంతో, ఒకవైపు కోకో పొడి, మరోవైపు కోకో బటర్ అనే రెండు వేర్వేరు సరుకులు పుట్టాయి. ఆ కొవ్వునే మళ్లీ ముద్దకు, పంచదారకు చేర్చి 1847లో ఇంగ్లండులోని ఫ్రై సంస్థ కొరికి తినే చాక్లెట్‌ను తయారుచేసింది. కొవ్వును గింజ నుంచి విడదీయవచ్చునని తెలిసిన నాడే, దాని స్థానంలో మరో కొవ్వును పెట్టవచ్చునన్న ఆలోచనకూ దారి ఏర్పడింది. హైదరాబాదు తూర్పు వాడల కథ నిజానికి ఆ ఆలోచనకు కొనసాగింపు.

భారతదేశంలో కోకో మొక్క 1798లోనే కుర్తాళంలో నాటబడినా, వాణిజ్య పంటగా వేళ్లూనుకోవడానికి ఇంకా ఒకటిన్నర శతాబ్దానికి పైగా పట్టింది. 1948లో దేశంలో వ్యాపారం ప్రారంభించిన క్యాడ్‌బరీ సంస్థ తొలినాళ్లలో చాక్లెట్‌ను దిగుమతి చేసుకుని అమ్మి, 1965 నుంచి కేరళలోని వయనాడులో కోకో సాగును ప్రోత్సహించింది. ఆ కాలపు హైదరాబాదు బేకరీల్లో చాక్లెట్‌కు పెద్దగా చోటు లేదు. ఇరానీ హోటళ్లకు ఉస్మానియా బిస్కెట్లు, దిల్‌పసంద్, బన్ను అందించే భట్టీలు ఒక పక్క, సింధు నుంచి వలస వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర ప్రారంభించిన కరాచీ బేకరీ వంటి దుకాణాలు ఇంకో పక్క, సికింద్రాబాదు కంటోన్మెంటులోనూ లాలాగూడ రైల్వే వర్క్‌షాపు చుట్టూ స్థిరపడిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లోనూ క్రిస్మస్‌కు చేసే ప్లమ్ కేకు మరో పక్క ఉండేవి. ఆ ప్లమ్ కేకు నలుపు కోకో వల్ల వచ్చింది కాదు. పంచదారను మాడే దాకా కాచి నీళ్లు పోసి తీసిన పాకమే దానికి ఆ రంగునిచ్చేది. కేకు నల్లగా ఉంటే చాక్లెట్ ఉన్నట్టే అనుకునే అలవాటు కొనుగోలుదారుల్లో తరువాతి తరంలో బలపడిందిగాని, పాత వంటవారికి ఈ తేడా బాగా తెలుసు.

నిజాం ప్రభుత్వం 1944లో కేంద్రీయ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనశాలల పేరిట నెలకొల్పిన సంస్థను 1956లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి స్వీకరించి ప్రాంతీయ పరిశోధనశాలగా మార్చింది. 1989లో అదే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయింది. తెలంగాణ, రాయలసీమ మెట్ట భూముల్లో పండే ఆముదం, వేరుశనగ, పత్తి గింజల నుంచి అడవుల్లో రాలే ఇప్ప, సాల గింజల దాకా, నూనెలు, కొవ్వులు ఆ సంస్థలో మొదటినుంచీ ప్రధాన పరిశోధనాంశాలుగా ఉన్నాయి. భారతీయ ఆహార చరిత్రకు ప్రామాణిక గ్రంథాలు రాసిన కె.టి. అచ్చయ్య (1923–2002) ఇక్కడే రెండు దశాబ్దాలకు పైగా పనిచేశారు; లివర్‌పూల్‌లో కొవ్వుల రసాయనం చదివి వచ్చిన ఆయన ఆముదం, పత్తి గింజల నూనె మీద తార్నాకలో చేసిన కృషి రసాయన శాస్త్రజ్ఞులకు, ఆ తరువాత రాసిన ఆహార చరిత్ర సాధారణ పాఠకులకు సుపరిచితం. ఒక దేశపు వంటను అర్థం చేసుకోవాలంటే ముందు అక్కడి నూనెను అర్థం చేసుకోవాలన్న దృష్టి ఆయన రచనల్లో పొడుగునా కనిపిస్తుంది, చాక్లెట్ విషయంలో ఆ దృష్టి మరింతగా వర్తిస్తుంది.

ఎందుకంటే కోకో బటర్ చాలా ప్రత్యేకమైన కొవ్వు. పామిటిక్, స్టియరిక్, ఓలియిక్ అనే మూడు కొవ్వు ఆమ్లాలే దానిలో తొంబై శాతానికి మించి ఉంటాయి, అవి కూడా అణువులో ఒక నిర్ణీత క్రమంలో అమరి ఉండటంతో అది గది వేడిమిలో గట్టిగా, పెళుసుగా నిలిచి, 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే నోటి వేడికి కాస్త దిగువన, ఒక్కసారిగా కరిగిపోతుంది. ఒకే నెయ్యి కాచి చల్లార్చిన తీరును బట్టి పూసకట్టడమో, మెత్తగా పేరుకోవడమో జరిగినట్టే, కోకో బటర్ కూడా చల్లబడే తీరును బట్టి ఆరు రకాల స్ఫటిక రూపాలు దాల్చుతుంది. వాటిలో ఐదో రూపంలో గడ్డకట్టినప్పుడు మాత్రమే దిమ్మెకు నిగనిగలాడే మెరుపు, విరిచినప్పుడు టక్కుమనే చప్పుడు వస్తాయి. కరిగించిన చాక్లెట్‌ను సుమారు 45 డిగ్రీల నుంచి 27 డిగ్రీల దాకా చల్లార్చి, మళ్లీ 31, 32 డిగ్రీలకు తెచ్చి ఆ రూపాన్ని రాబట్టే పనినే టెంపరింగ్ అంటారు. వేసవిలో పగటి వేడి 40 డిగ్రీలు దాటే హైదరాబాదులో, చల్లని గది లేని బేకరీలో, ఈ పని ఎంత కష్టమో చెప్పనక్కర లేదు. అందువల్ల కోకో బటర్‌కు బదులుగా నిలిచే, లేదా దానితో కలిసి దానికి కొంత బిగువునిచ్చే స్వదేశీ కొవ్వును వెతకడం ఉష్ణ దేశపు పరిశోధనశాలకు సహజమైన లక్ష్యమైంది. సాల గింజల కొవ్వులోనూ, మామిడి టెంకలోని జీడి నుంచి తీసిన కొవ్వులోనూ స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలే అధికం కావడంతో, అవి కోకో బటర్‌కు దగ్గరి బంధువులని తేలింది. రకరకాల మామిడి టెంకల కొవ్వు గుణాలను విడివిడిగా పరీక్షించిన పత్రాలు హైదరాబాదు పరిశోధనశాల నుంచి 1980లలో వెలువడ్డాయి. చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు కర్మాగారాల్లో గుట్టలుగా పోగుపడే తోతాపురి టెంకలకు అక్కర వస్తుందన్న ఆశ కూడా ఈ పరిశోధనల వెనుక ఉంది.

ఈ కృషి విలువను తక్కువ చేయడం అన్యాయం. యూరోపియన్ యూనియన్ 2000 సంవత్సరంలో చాక్లెట్ మీద ఆదేశం జారీ చేసి, కోకో బటర్ కాక మరే కొవ్వులను 5 శాతం మేరకు కలపవచ్చునో ఆరింటిని పేర్కొన్నప్పుడు, ఆ ఆరింటిలో సాల, మామిడి టెంక, కోకమ్ అనే మూడు భారతదేశపు చెట్లవే. అయితే బేకరీల్లోకి ఆచరణలో ప్రవేశించిన ప్రత్యామ్నాయం వీటిలో ఏదీ కాదు. పామాయిల్ చెట్టు గింజలోని పప్పు నుంచి తీసి, హైడ్రోజన్ కలిపి గట్టిపరిచిన కొవ్వు చవకగా దొరకడంతో, కొవ్వు తీసేసిన కోకో పొడిని, పంచదారను దానితో కలిపి తయారుచేసే కంపౌండ్ అనే సరుకు మార్కెట్‌ను ఆక్రమించింది. దీనికి టెంపరింగ్ అక్కరలేదు. కరిగించి పోస్తే దానంతట అదే గడ్డకడుతుంది. వేసవిలో అంత తొందరగా చెమర్చదు. ధర కోకో బటర్ ఉన్న చాక్లెట్ కంటే బాగా తక్కువ. ముంబయిలో 1984లో మొదలైన మోర్డే వంటి సంస్థలు దిమ్మెల రూపంలో కంపౌండ్‌ను దేశమంతటికీ పంచాక, హైదరాబాదు బేకరీ సామాను దుకాణాల్లో డార్క్, మిల్క్, వైట్ అన్న మూడు స్లాబులే చాక్లెట్‌కు పర్యాయమయ్యాయి.

1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ నిర్వహణలో ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వాడలు విస్తరించి, వాటిలో యంత్ర భాగాలు, మందులు, రసాయనాలు, తినుబండారాల యూనిట్లు చేరాయి. ఉద్యోగులు, కార్మికులు, పరిశోధనశాలల సిబ్బంది నివసించే కాలనీలు ఆ చుట్టుపక్కలే పెరిగి, ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ 2007లో మహానగర పాలక సంస్థలో కలిసింది. పుట్టినరోజుకు కేకు కోయడం ఆ కాలనీల్లో మధ్యతరగతి ఆచారంగా స్థిరపడగా, ముందు బటర్‌క్రీమ్, ఆపైన కూల్ కేకు అని పిలిచే ఫ్రెష్ క్రీమ్ కేకు, దాని మీద కంపౌండ్ తురుము రాజ్యమేలాయి. ఇంత చేటు డిమాండులో తీపి కలపని కోకో ముద్దకు దక్కిన వాటా అత్యల్పం. ఇందుకు బేకరీలవారిని తప్పుపట్టడం సబబు కాదు. అరకిలో కేకు ధరను కాలనీ ఆదాయం నిర్ణయిస్తుంటే, ఆ ధరలో ఇమిడే సరుకునే వారు ఎంచుకున్నారు. తప్పల్లా ఒక్కటే: కంపౌండ్ దిమ్మెను చేదు చాక్లెట్‌కు బదులుగా వాడవచ్చునన్న అపోహ వంటల పద్ధతుల్లోకి కూడా పాకింది. వంద గ్రాముల కోకో ముద్దలో సుమారు సగం కోకో బటర్, మిగిలినది కోకో పదార్థం ఉంటే, వంద గ్రాముల డార్క్ కంపౌండ్‌లో సాధారణంగా సగానికి దగ్గరగా పంచదార, మూడో వంతు దాకా వేరే కొవ్వు, మిగిలిన కొద్ది భాగంలో కోకో పొడి ఉంటాయి. చేదు దిమ్మెను ఉద్దేశించి రాసిన బ్రౌనీ కొలతల్లో కంపౌండ్ వేస్తే, తీపి మితిమీరి, కోకో రుచి పలచబడి, చల్లారాక నాలుక మీద మైనం పూసినట్టు మిగిలిపోతుంది. అంతకంటే కోకో పొడి నయం: సుమారు 28 గ్రాముల చేదు దిమ్మెకు బదులు మూడు టేబుల్ స్పూన్ల తీపిలేని కోకో పొడి, ఒక టేబుల్ స్పూన్ వెన్న వాడే పాత లెక్క నేటికీ నమ్మదగినదే.

చట్టం ఈ విషయంలో చాలాకాలం కఠినంగా ఉంది. 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కింద 1955లో వచ్చిన నియమావళి క్రమంలో రూపొందిన చాక్లెట్ నిర్వచనం, కోకో బటర్ తప్ప మరే వృక్షజ కొవ్వూ అందులో ఉండకూడదని శాసించింది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5న అమల్లోకి వచ్చినప్పుడు కూడా ఆ నిబంధన కొనసాగి, తరువాతి సవరణతో 5 శాతం దాకా ఇతర వృక్షజ కొవ్వుకు అనుమతి లభించింది. పాలు లేని సాదా చాక్లెట్‌లో కొవ్వు కనీసం 25 శాతం, కొవ్వు తీసివేయగా మిగిలే కోకో పదార్థం కనీసం 12 శాతం ఉండాలన్నది మరో షరతు. ఈ లెక్కలను వాస్తవంలో తేల్చే పని నాచారం ప్రయోగశాలది. ఆహార భద్రత అధికారి ఒక నమూనాను నాలుగు భాగాలు చేసి ముద్రవేసి, ఒక భాగాన్ని విశ్లేషకునికి పంపితే, పద్నాలుగు రోజుల్లో నివేదిక రావాలని చట్టం చెబుతోంది. కొవ్వును వేరు చేసి, దానిలోని ఆమ్లాలను వాయు వర్ణలేఖన యంత్రంలో విడదీసి చూసినప్పుడు, కోకో బటర్‌లో దాదాపుగా కనిపించని లారిక్ ఆమ్లం పామ్ గింజ కొవ్వులో సగానికి దగ్గరగా ఉంటుంది కనుక, అది కలిసిందంటే యంత్రం ఇట్టే పట్టిస్తుంది. సాల, మామిడి టెంక కొవ్వులు కలిస్తే మాత్రం పసిగట్టడం అంత సులువు కాదు, ఎందుకంటే అవి కోకో బటర్‌ను పోలి ఉన్నాయనే వాటిని ఎంచుకున్నారు. వాటిని పట్టుకోవాలంటే అణువుల అమరికను మరింత సూక్ష్మంగా పరీక్షించాలి. కొవ్వుకు ప్రత్యామ్నాయం వెదికిన విద్య తార్నాకలో, కలిపిన కొవ్వును పట్టే విద్య నాచారంలో, రెండూ ఒకే శాస్త్రానికి రెండు పార్శ్వాలుగా పెరగడం ఈ ప్రాంతపు చరిత్రలో అన్నిటికన్నా ఆసక్తికరమైన ఘట్టం.

ఇంత చేసినా, శుద్ధమైన కోకో ముద్ద మంచి కోకో ముద్దే కావాలన్న నియమం లేదు. కోకో బటర్ నూటికి నూరుపాళ్లు సహజమైనదై, చట్టం చెప్పిన ప్రతి అంకెకూ సరిపోయి, అయినా వగరుగా, పుల్లగా, మట్టివాసనతో ఉండే దిమ్మె తయారుకావచ్చు. ఈ తేడా గింజను పులియబెట్టే దగ్గరే పుడుతుంది. కాయ కొట్టి తీసిన తడి గింజలను చెక్క పెట్టెల్లో పోసి ఐదారు రోజులు ఉంచి, మధ్యలో తిరగదిప్పితే, గుజ్జులోని చక్కెర ముందు ఆల్కహాలుగా, ఆపైన ఎసిటిక్ ఆమ్లంగా మారుతూ కుప్పలో వేడి 45 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి మొలకెత్తే శక్తి నశించి, గింజలోని మాంసకృత్తులు విడిపోయి, వేయించినప్పుడు చాక్లెట్ సువాసనగా మారే పదార్థాలు ఏర్పడతాయి. ఈ దశ సరిగా జరగని గింజను ఎంత నేర్పుగా వేయించినా ఆ సువాసన రాదు. వ్యాపారులు గింజలను నిలువునా కోసి లోపలి రంగు చూసే పరీక్ష దీనికోసమే: గోధుమ రంగు బాగా పులిసిందనీ, ఊదా రంగు అరకొరగా పులిసిందనీ, పలక రంగు అసలు పులియనే లేదనీ చెబుతుంది. ఎండిన గింజలో తేమ ఏడెనిమిది శాతానికి మించితే బూజు పట్టి, ఆ వాసన దిమ్మె దాకా వస్తుంది.

గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో, తరువాత పామాయిల్ తోటల్లో అంతర పంటగా విస్తరించిన కోకో ఆంధ్రప్రదేశ్‌ను ఈ పంటలో దేశంలో మొదటి స్థానానికి చేర్చింది. ఏలూరు, పూర్వపు పశ్చిమ గోదావరి ప్రాంతాల రైతుకు చాలాకాలం కొనుగోలుదారు అంటే పెద్ద కంపెనీయే. గింజ బరువుకు, తేమకు ధర కట్టారేగాని, ఏ తోట గింజ ఎలా పులిసిందన్న దానికి ప్రత్యేకమైన విలువ లభించలేదు. కర్ణాటకలోని పుత్తూరులో కాంప్కో సహకార సంస్థ 1986లో చాక్లెట్ కర్మాగారం స్థాపించి రైతుల పక్షాన ఒక మార్గం చూపింది. తెలుగు నేల మీద 1988లో ఏర్పడిన లోటస్ చాక్లెట్ కంపెనీ పూర్వపు మెదక్ జిల్లా దౌలతాబాద్‌లోని కర్మాగారంలో కోకో ముద్ద, కోకో బటర్, కోకో పొడి, చాక్లెట్లు తయారుచేస్తూ వచ్చింది. 2023 మే నెలలో దాని యాజమాన్యం రిలయన్స్ సంస్థ చేతికి వెళ్లింది. ఆలోచనలో అసలైన మార్పు మాత్రం పులియబెట్టడాన్ని కేంద్రంగా చేసుకున్న చిన్న తయారీదారులతో వచ్చింది. హైదరాబాదు మిఠాయి వ్యాపార కుటుంబానికి చెందిన చైతన్య ముప్పాళ, ఏలూరు జిల్లా తాడికలపూడిలో రైతుల నుంచి తడి గింజలు కొని తమ పర్యవేక్షణలోనే పులియబెట్టి, ఆరబెట్టే కేంద్రాన్ని నెలకొల్పి, 2023 ఆగస్టులో బంజారాహిల్స్‌లో మనం చాక్లెట్ పేరిట కార్ఖానాను తెరిచారు; మరుసటి ఏడాది టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగిన ప్రదేశాల జాబితాలో దానికి చోటిచ్చింది. తెలుగు గింజకు దాని ఊరి పేరు చెప్పుకునే గౌరవం దక్కడం చిన్న విజయం కాదు. 2024లో పశ్చిమాఫ్రికాలో దిగుబడి దెబ్బతిని అంతర్జాతీయ విపణిలో టన్ను కోకో ధర 10,000 డాలర్లు దాటిపోయినప్పుడు, గోదావరి రైతు, హైదరాబాదు బేకరీ ఒకే తీగకు రెండు కొసలన్న సంగతి ఇద్దరికీ తెలిసివచ్చింది.

ఈ చరిత్ర వెలుగులో చూస్తే, మంచి చేదు దిమ్మెను ఎంచుకునే క్రమం కష్టమైనదేమీ కాదు. పదార్థాల పట్టికలో కోకో మాస్ అనో, కోకో గింజలు అనో ఒక్క పేరే ఉండాలి. కొందరు తయారీదారులు కొద్దిగా కోకో బటర్ చేర్చి ఆ సంగతి రాస్తారు, దానిలో తప్పు లేదు. వృక్షజ కొవ్వు, హైడ్రోజనేటెడ్ కొవ్వు, పామ్ అన్న మాటల్లో ఏది కనిపించినా అది చేదు చాక్లెట్ కాదని తేల్చుకోవచ్చు. సమంగా గోధుమ, ఎరుపు కలిసిన రంగు, విరిచినప్పుడు శుభ్రంగా తెగే అంచు మంచి లక్షణాలు. పైన బూడిదరంగు పొర కనిపిస్తే అది బూజు కాక, వేడికి కరిగిన కోకో బటర్ పైకి వచ్చి మళ్లీ గడ్డకట్టిన గుర్తు కావచ్చు గనుక, కరిగించి కేకులో కలిపే పనికి అటువంటి దిమ్మె పనికివస్తుంది, అచ్చు పోసే పనికి పనికిరాదు. చిన్న ముక్కను నాలుక మీద కరగనిస్తే చేదు రావడం సహజమే. ఆ చేదు వెనుక వేయించిన పలుకుల వాసనో, పండ్ల పులుపో తెలిస్తే పులియబెట్టడం చక్కగా జరిగినట్టు, వట్టి వగరు, పొగ, తడి గోనెసంచి వాసన తగిలితే జరగనట్టు. పిండిలో వంటసోడా వాడేవారు మరొక సంగతి గమనించాలి: క్షారంతో శుద్ధిచేయని కోకోకు సహజంగా ఉండే పులుపే సోడాతో కలిసి కేకును పొంగిస్తుంది, క్షారంతో శుద్ధిచేసి ముదురు రంగు తెప్పించిన కోకోలో ఆ పులుపు చాలావరకు తగ్గిపోతుంది. నల్లటి రంగును నాణ్యతకు గుర్తుగా తీసుకోవడం, ప్లమ్ కేకు తరం తరువాత బలపడిన పొరపాటే. ఇక నిల్వ సంగతికి వస్తే, ఉప్పల్ వేసవిలో దిమ్మెను మసాలా దినుసులకు దూరంగా, గాలి చొరని డబ్బాలో, 18 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో ఉంచడం ఉత్తమం. ఫ్రిజ్‌లో పెట్టవలసి వస్తే రెండు పొరలుగా చుట్టి, బయటికి తీశాక మూత తెరవకుండా గది వేడిమికి రానివ్వకపోతే మీద నీటి బిందువులు పేరుకుని, కరిగించేటప్పుడు ముద్ద గడ్డలు కడుతుంది.

2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో రైలు నడక సాగించి, 2020లో ప్రభుత్వం ప్రకటించిన గ్రిడ్ విధానం పాత పారిశ్రామిక వాడల స్థలాలను ఐటీ కార్యాలయాలకు మళ్లించడానికి ద్వారం తెరిచాక, ఉప్పల్, నాచారం రూపురేఖలు వేగంగా మారుతున్నాయి. అపార్టుమెంట్లలో ఇంటినుంచే కేకులు చేసి అమ్మేవారు, చిన్న ఓవెన్‌తో బ్రౌనీలు, కుకీలు చేసే యువతీయువకులు ఇప్పుడు ఈ సరుకుకు కొత్త కొనుగోలుదారులు. మంచి దిమ్మెకు ఎక్కువ ధర పెట్టి, ఆ ధరను తమ కేకులో చూపించగలవారు వీరే. కొవ్వు ఏమిటన్న ప్రశ్నకు చట్టమూ ప్రయోగశాలా జవాబు చెబుతున్నాయి. ఏ జిల్లా గింజ, ఎన్ని రోజులు పులిసింది, ఎప్పుడు వేయించారు అన్న మూడు ప్రశ్నలను అమ్మకందారును అడగవలసిన బాధ్యత మాత్రం కొనేవారిదే. తయారీదారులు ఈ మూడు వివరాలను సంచి మీదే అచ్చువేయాలి. అచ్చువేసేదాకా బేకరీలవారు, ఇంటి వంటవారు అడుగుతూనే ఉండాలి, వాటికి జవాబు చెప్పగలిగినవారి దగ్గరే దిమ్మె కొనాలి.